సుఖంగా పురుడొచ్చిన వాళ్ళ చీరలు

మా సేవా సంఘం ప్రెసిడెంటమ్మగారు పోయారు. మధ్యాహ్నం భోజనం చేసి, చెల్లెలితో "కాస్త నడుం వాలుస్తానే, కాఫీ వేళకి లేపు" అని చాప మీద పడుకున్న మనిషి మరి లేవలేదు. నేను బళ్ళో చిన్నపిల్లల చేత గుణింతాలు దిద్దిస్తుండగా మా నాన్న గుమ్మం దాకా వచ్చి ఈ కబురు చెప్పాడు. పగటిపూట మగ్గం దిగి రావడం ఆయనకు అలవాటు లేదు. అందుకే ఆయన నోరు తెరవకముందే నా చేతిలో సుద్దముక్క ఆగిపోయింది.

ఆవిడ గురించి పెద్ద పెద్ద మాటలు రాస్తే ఆవిడకే నచ్చదు. సభలో ఎవరైనా పొగడటం మొదలుపెడితే, "ఎండ ముదురుతోందండీ, పనిలోకి దిగుదాం" అని అడ్డం వచ్చేవారు. కాబట్టి నేనూ ఆవిడ దగ్గర పనిచేసిన ఒక్క ఏడాది గురించి మాత్రమే రాస్తాను.

అవి యుద్ధం రోజులు. నేను స్కూలు ఫైనలు ప్యాసై ఇంట్లో కండెలు చుడుతున్నాను. మా ఇంట్లో బడి మెట్లెక్కినదాన్ని నేనే మొదలు. చదువు అయ్యాక ఏం చెయ్యాలో చెప్పగలవాళ్ళు మా మగ్గాల వీధిలో ఎవరూ లేరు. ఒకరోజు పొద్దున్నే ఆవిడ గొడుగు వేసుకుని మా ఇంటికి వచ్చి, మా నాన్న మగ్గం పక్కనే పీట వేయించుకుని కూర్చున్నారు.

"మీ అమ్మాయిని ఒక్క ఏడాది మా సంఘానికి ఇవ్వండి."

"జీతం ఏమిస్తారండీ?"

"జీతం లేదండీ. పైగా ఆ పిల్ల చేత చందాలు అడిగిస్తాం."

నాన్న నవ్వు ఆపుకోలేకపోయాడు. "అడుక్కోవడానికి స్కూలు ఫైనలు చదవాలాండీ?"

"చదువులేనివాళ్ళు అడిగితే జాలిపడి పెడతారు. మనం అడిగితే తలుపేస్తారండీ. అందుకే కాస్త గట్టిపిల్ల కావాలి."

చందాలు ఎందుకో కూడా చెప్పారు. మా వీధికి దగ్గరలో ఒక పురుటి గది పెట్టాలని సంఘం అనుకుంది. ఆసుపత్రివాళ్ళు నర్సమ్మను పంపుతామన్నారు. గది అద్దె, మంచాలు, పసిబిడ్డల గుడ్డలు మాత్రం మేమే చూసుకోవాలి. ఆ మాట చెవిన పడగానే మూల కూర్చుని రాట్నం తిప్పుతున్న మా వదిన చెయ్యి ఆగింది. తొలికాన్పులో ఆమెకు బిడ్డ దక్కలేదు. ఆమె దక్కడమే మా ఇంట్లో అందరూ అదృష్టం అనుకున్నారు. ఇప్పుడు మళ్ళీ నెల తప్పింది. నాన్న వదిన వంక చూసి, మళ్ళీ మగ్గం మీద నాడె అందుకుంటూ, "తీసుకెళ్ళండి" అన్నాడు.

అలా నా ఏడాది మొదలైంది. నా మటుకు నాకు గడువు ఒక్కటే. వదినకు నెలలు నిండేలోగా ఆ గది తెరవాలి.

డబ్బు కొద్దికొద్దిగానైనా వచ్చింది. గుడ్డల దగ్గరే ఇబ్బంది పడ్డాం. పుట్టిన బిడ్డకు కొత్త గుడ్డ వెయ్యరు కదా, మెత్తబడిన పాత చీర చించి పొత్తిగుడ్డలు చేస్తారు. ఆ రోజుల్లో గుడ్డ మీద కంట్రోలు. కలిగినవాళ్ళు కూడా అతుకులేసి కట్టుకుంటున్నారు. గవర్నరుపేటలో ప్లీడర్ల ఇళ్ళకు వెళ్ళి పాత గుడ్డలడిగితే, "ఒంటిమీదున్నవే పాతవమ్మా" అని చీర కుచ్చెళ్ళు చూపించేవారు. అదీ నిజమే.

"ఊళ్ళ మీద పడదాం" అన్నారు ప్రెసిడెంటమ్మగారు.

ఉయ్యూరు వెళ్ళే బస్సు అప్పట్లో బొగ్గుతో నడిచేది. దానికి అలసట వచ్చినచోటల్లా ఆగేది. అందరూ దిగి తొయ్యాలి. ఆవిడ గొడుగు నా చేతికిచ్చి, కొంగు బిగించి, మగవాళ్ళ మధ్యన నిలబడి తోసేవారు. "ఏమమ్మా స్కూలు ఫైనలూ! ఆ గొడుగు కింద పడేసి నువ్వూ ఓ చెయ్యి వెయ్యి" అనేవారు. నన్ను చివరిదాకా అలాగే పిలిచారు.

ఉయ్యూరు అవతల, చెరకు తోటల మధ్య ఒక ఊళ్ళో ఒక పెద్ద రైతు ఇంటి అరుగెక్కాం. ఇంటావిడ మజ్జిగ ఇచ్చింది. మేము ఎందుకు వచ్చామో తెలిసి ముఖం ముడుచుకుంది. "పాతగుడ్డలు ఎక్కడున్నాయమ్మా ఈ రోజుల్లో?"

"పాతగుడ్డల కోసం రాలేదండీ" అన్నారు ప్రెసిడెంటమ్మగారు. ఆ మాట నాకూ కొత్తే. "మీ ఇంట్లో సుఖంగా పురుడొచ్చిన ఆడకూతురు కట్టిన చీర ఉంటే ఇప్పించండి. మా బెజవాడలో ఒక పిల్ల భయపడుతోంది."

ఇంటావిడ ముఖం ఇట్టే విప్పారింది. "అయితే నాదే తీసుకెళ్ళండి. మా రెండోవాడు మంత్రసాని గుమ్మం తొక్కకముందే పుట్టాడు."

పక్కింటావిడ గోడ మీదుగా తొంగిచూసి, "నీదా సుఖం? ఆ రోజు నీ కేకలకి మా గేదె కట్టు తెంచుకుంది! ఉండండమ్మా, నేను తెస్తాను" అంది.

ఇద్దరూ వాదులాడుకుంటుండగానే అరుగు మీద చీరలు పోగయ్యాయి. ప్రతి చీరకూ ఒక కథ వచ్చింది. ఆడపిల్ల పురిటి కోసం చీరను ఉత్తగా ఇవ్వకూడదని ప్రతివాళ్ళూ కొంగున ఒక నాణెం ముడివేసి ఇచ్చారు. గది అద్దె చాలామటుకు ఆ ముడుల్లోంచే వచ్చింది.

తిరిగివచ్చేటప్పుడు మూటల మీద కూర్చుని అడిగాను. "నిజంగా ఆ చీరలకు మహిమ ఉంటుందాండీ?"

"మెత్తగా ఉంటాయి. పసిగుడ్డుకి అంతకంటే ఏం కావాలి?"

"మరి అలా ఎందుకడిగారు?"

"పాతగుడ్డ ఇమ్మంటే ఆవిడా చిన్నబోతుంది, మనమూ చిన్నబోతాం. ఇలా అడిగితే ఆవిడ తన గొప్ప చెప్పుకుంటూ ఇస్తుంది. చెప్పుకోదగ్గ గొప్పే కదమ్మా, బిడ్డను కనడం!"

ఆ తర్వాత గన్నవరం వైపు, కూచిపూడి వైపు ఎన్ని ఊళ్ళు తిరిగామో. నేనూ ఆవిడలాగే అడగడం నేర్చుకున్నాను. గన్నవరం దగ్గర పల్లె నుంచి వచ్చిన క్రైస్తవుల అమ్మాయి మా నర్సమ్మ. తెచ్చిన చీరలన్నీ కాగులో ఉడికించి, చించి, మడతలు పెట్టేది. ఒకనాడు ప్రెసిడెంటమ్మగారితో కలిసి మడతలు పెడుతూ నేనే అన్నాను, "అందరివీ వచ్చాయి. మీ చీర ఒక్కటీ రాలేదేమండీ?"

ఆవిడ చేతిలో మడత ఆపలేదు. "నాది ఆ లెక్కలోకి రాదమ్మా" అన్నారు. ఒకే ఒక్క కాన్పు, ఆ బిడ్డ ఊపిరి తియ్యకుండానే పోయిందనీ, రైల్వేలో పనిచేసే భర్త కూడా చిన్న వయసులోనే పోయాడనీ తర్వాత నర్సమ్మ చెబితే తెలిసింది.

వానలు మొదలయ్యాయి. గదికి సున్నం వేయించాం, గుడ్డలు పేర్చాం. మంచాలు మాత్రం వడ్రంగి దగ్గరి నుంచి ఇంకా రాలేదు. ఆ సమయానికే వదినకు నొప్పులు వచ్చాయి. నేను వానలో తడుస్తూ ప్రెసిడెంటమ్మగారి ఇంటికి పరిగెత్తాను. నేను చెప్పీ చెప్పకముందే ఆవిడ లేచారు. తన నవారు మంచం మీది పరుపు చుట్టి కింద పెట్టి, "అటు పట్టుకో స్కూలు ఫైనలూ" అన్నారు. తోపుడుబండి మీద ఆ మంచం వీధి దాటుతుంటే జనం నిలబడి చూశారు.

సాయంత్రానికి వదిన ఆడపిల్లను కన్నది. నర్సమ్మ బిడ్డను ఉయ్యూరు ఆవిడ చీరలో చుట్టి అందించింది. "ఈ చీర కథ వింటే నవ్వుతావమ్మా" అంటూ ప్రెసిడెంటమ్మగారు గేదె సంగతి చెప్పారు. అంత అలసటలోనూ వదిన నిజంగానే నవ్వింది. ఆ మంచం మాత్రం మళ్ళీ ఆవిడ ఇంటికి వెళ్ళలేదు.

ఏడాది చివర మా నాన్న తెల్లటి చీర ఒకటి నేసి, సన్నని నీలం అంచు వేసి తీసుకెళ్ళి ఇచ్చాడు. "మా నేత కాస్త గరుకండీ. కట్టగా కట్టగా మెత్తబడుతుంది" అన్నాడు. "నేనూ అంతేనండీ" అన్నారు ఆవిడ. తర్వాత సభలకైనా, సంతకైనా నేను చూసినప్పుడల్లా ఆవిడ ఒంటిమీద ఆ నీలం అంచే కనిపించేది.

కర్మకాండ అయిన మర్నాడు మా వదిన నన్ను తోడు తీసుకుని ఆవిడ చెల్లెలుగారింటికి వెళ్ళింది. వదినకు ఇప్పుడు మళ్ళీ నెలలు నిండుతున్నాయి.

"అక్కయ్యగారి చీర ఒకటి ఇప్పించండి, పొత్తిగుడ్డలకి" అంది.

ఆ పెద్దావిడ ఉలిక్కిపడింది. "అదేమిటమ్మా! పసుపుకుంకాలు లేని మనిషి చీర, అందులోనూ పోయినావిడది. ఆవిడకి బిడ్డ దక్కనూ లేదు. పురిటికి వాడతారా ఎవరైనా?"

"మా వీధిలో పిల్లలందరూ ఆవిడ మంచం మీదే పుట్టారండీ" అంది వదిన. "మా వీధికి అంతకంటే సుఖంగా పురుడొచ్చిన చీర ఏదుంది?"

పెద్దావిడ లేచింది. లోపలికి వెళ్ళి, నీలం అంచు చీర తెచ్చి వదిన చేతుల్లో పెట్టింది. దాని కొంగున ఏదో ముడి ఉంది. లోపల చెల్లెలుగారే వేసినట్టుంది.

ఇప్పుడు ఆ చీర ముక్కలు పురుటి గది వెనక దండెం మీద ఆరుతున్నాయి. నిన్న సాయంత్రం మా నాన్న అటుగా వెళ్తూ ఆగాడట. కాలవ మీదుగా వచ్చే గాలికి ముక్కలన్నీ ఒక్కసారే ఎగురుతుంటే, ఒకదాన్ని పట్టుకుని బొటనవేలితో అంచు రుద్ది చూశాడట.

"ఇప్పటికి మెత్తబడింది" అని, మళ్ళీ గాలికి వదిలేశాడట.