బూదెమ్మ బొమ్మకు పట్టిన గతి

మొన్న ఆదివారం మా మనవరాలు, ఎవరో బహుమతిగా ఇచ్చిన బొమ్మల పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పెట్టి చదవమంది. రెండు పేజీలు తిప్పేసరికి ఒక గాడిద ఇంతింత పళ్ళు బయటపెట్టి, నాలుక వేలాడేసి, బురదలో వెల్లకిలా పడి ఉంది. చుట్టూ కోతులూ కుందేళ్ళూ పొట్టలు పట్టుకుని నవ్వుతున్నాయి. పుస్తకం ఠక్కున మూసేశాను. పిల్లల పుస్తకం మీద ఇంత కోపమేమిటత్తయ్యా అని మా కోడలు నవ్వింది. ఆమెకేమీ చెప్పలేదు గానీ, నా ఈడువాళ్ళకు, వీధుల్లో గాడిదలు తిరగడం చూసినవాళ్ళకు చెప్పుకుంటే అర్థమవుతుందని ఇది రాస్తున్నాను.

మాది ఉరవకొండ దగ్గరి ఒక ఊళ్ళో బట్టలుతికే ఇల్లు. అమ్మ చిన్నప్పుడే పోవడంతో నన్ను పెంచింది మా మేనత్త. ఆమెకు ఒక ఆడగాడిద ఉండేది. బూడిదరంగుది, కుక్క కరవడంతో ఒక చెవి చీలిపోయింది. దాన్ని బూదెమ్మ అని పిలిచేది. వానలు మొహం చాటేసి చెరువు నెర్రెలిచ్చిన ఏడాది, ఊరివాళ్ళ మాసిన బట్టలన్నీ మూటలు కట్టి దాని వీపున వేసి, చెనక్కాయ చేలన్నీ దాటి, ఇంకా కాసిన్ని నీళ్ళున్న బావికి వెళ్ళేవాళ్ళం. ఆ చుట్టుపక్కల చెట్టన్నది లేదు. ఉతుకుడు ముగిసి పొద్దు వాలుతుండగా అత్త బూదెమ్మను ఎండకు అడ్డంగా నిలబెట్టేది. దాని నీడలో కూర్చుని ఇద్దరం సంగటి తినేవాళ్ళం. మేము లేచేదాకా అది అడుగు కదిపేది కాదు, ఈగలు ముసిరితే తోక ఆడించేది, అంతే. బడిలో మాత్రం నన్ను గాడిదలోళ్ళ పిల్ల అని పిలిచేవాళ్ళు. నేను పలకకపోతే గాడిదలా ఓండ్ర పెట్టి మరీ పిలిచేవాళ్ళు. అప్పుడు మింగిన కోపం ఇప్పటికీ అరగలేదు.

చదువుకుని డ్రాయింగు టీచరునయ్యాక, పిల్లల పుస్తకాలు వేసే పట్నంవాళ్ళు, ఒక జంతువును పాత్రగా చేసి కథా, బొమ్మలూ మీరే ఇవ్వండని నన్నడిగారు. నాకు మరో జంతువు తోచలేదు. అయితే తోచినంత సులువుగా గీత కుదరలేదు. మొదట నవ్వు మొహం పెట్టాను, అబద్ధంలా కనిపించింది. టోపీ పెట్టాను, నాకే సిగ్గేసింది. చివరికి అన్నీ చెరిపేసి, చీలిన చెవితో, కళ్ళు సగం మూసుకుని, ఎండకు వీపు ఒప్పజెప్పి నిలబడ్డ బూదెమ్మనే గీశాను. కథ కూడా అంతే: చెట్టులేని ఊళ్ళో ఒక గాడిద నీడనిస్తుంది, ఒక్కొక్కరే వచ్చి ఆ నీడలో కూర్చుంటారు. బొమ్మలు అత్తకు చూపిస్తే చెంగుతో చేతులు తుడుచుకుని మరీ పట్టుకుంది.

“ఇది మన బూదెమ్మే గదా పాపా! దీన్ని పుస్తకంలో ఎక్కిస్తారంటనా?” అని ఒకటే సంబరపడింది. అప్పటికి బూదెమ్మ చచ్చిపోయి చాలా ఏళ్ళయింది.

పట్నంలో ఆ పుస్తకాల సంపాదకుడు బొమ్మలన్నీ చూసి, బాగున్నాయి గానీ ఇందులో నవ్వు లేదన్నాడు. “గాడిదంటే పిల్లలు పడిపడి నవ్వాలమ్మా. చివర్లో చాకలివాడి చేత నాలుగు తగిలిద్దాం.”

“ఎవర్ని చూసి నవ్వాల సార్? గాడిదను చూసా, మమ్మల్ని చూసా?” అన్నాను.

ఆయన కంగారుపడి, అయ్యో మీరలా తీసుకోకండి, ఒక్క గీత కూడా మార్చబోమని మాటిచ్చాడు. నమ్మి బొమ్మలిచ్చి వచ్చేశాను.

కొన్ని నెలలకు మా బడికే ఆ పుస్తకాలు కట్టగా వచ్చాయి. ఆనందం పట్టలేక నా తరగతిలోనే కట్ట విప్పి, పిల్లలకు పంచి, గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టాను. తీరా చూస్తే చీలిన చెవిని అతికేశారు. సగం మూసిన కళ్ళను మెల్లకళ్ళు చేశారు. చివరి పేజీ నాది కానే కాదు. అందులో ఒకడు దుడ్డుకర్ర ఎత్తాడు, బూదెమ్మ కాళ్ళు నాలుగూ పైకెత్తి పడి ఉంది. అట్ట మీద మాత్రం నా పేరు. తరగతి గొల్లుమంది. నవ్వుతూ నవ్వుతూ పిల్లలందరూ ఒకవైపు తిరిగారు. అక్కడ మా వీధి పిల్ల, మాలాగే బట్టలుతికే ఇంటి పిల్ల, తల వంచుకుని కూర్చుంది.

ఒళ్ళు మండిపోయింది. బల్ల బల్లకూ వెళ్ళి ప్రతి పుస్తకంలోనూ ఆ చివరి పేజీ చింపేశాను. చప్పుడుకు హెడ్మాస్టరు పరుగెత్తుకొచ్చాడు.

“ఏందమ్మా ఇది, బడి పుస్తకాలు నువ్వే చింపుతాండావా?”

“నేనే సార్. మీ రూములో ఇంకో కట్ట ఉండాది గదా, అదీ ఇయ్యండి.”

ఆ సెలవుల్లోనే పట్నం వెళ్ళి సంపాదకుడి బల్ల మీద ఆ పేజీలన్నీ కుప్ప పోశాను. ఇంత చిన్న విషయానికా అన్నాడాయన. ఆ పేజీ తీసేస్తారా, నా పేరు తీసేస్తారా అని నిలదీశాను. మళ్ళీ అచ్చు వేసినప్పుడు నా పేరు తీసేశారు. పేజీ అలాగే ఉంచారు.

అత్తకు దాచలేదు, జరిగిందంతా చెప్పాను. అంతా విని, “వాడు ఒక దినమన్నా ఎండలో నిలబడినాడంటనా?” అంది. ఆ తర్వాత ఆ పుస్తకం ఊసు ఎత్తనేలేదు.

ఇప్పుడు మా ఊళ్ళో మూటలు మోయడానికి ఆటోలొచ్చాయి, ఇళ్ళల్లో బట్టలుతికే యంత్రాలొచ్చాయి. అత్త ఉండి చూసి ఉంటే, నడుం నొప్పి తగ్గేదే అని సంతోషించేది. ఆ బావి పూడిపోయింది. గాడిదలను మాంసానికి లారీల్లో ఎక్కించుకుపోయారు. ఉరవకొండ నుంచి గుమ్మఘట్ట దాకా బస్సు కిటికీలోంచి చూస్తూ వెళ్ళినా ఒక్కటీ కనబడలేదు. గాడిదన్నదాన్ని కంటితో చూడని పిల్లలు మా సందులో ఆడుకుంటూ, ఓడిపోయినవాణ్ణి ఇంకా గాడిదా అనే తిడుతున్నారు. ఆ మాట విన్నప్పుడల్లా కిటికీ తెరిచి వాళ్ళను గదమాయిస్తాను. ఈ ముసలమ్మకు ఇంత కోపమెందుకో వాళ్ళకు తెలియదు, తెలియజెప్పుదామన్నా చూపించేందుకు ఒక్క గాడిదైనా లేదు.