వెలుగు సుడి నడుమ

మా పీహెచ్‌డీ గైడ్ మేడం గారు పోయారని మొన్న కొవ్వూరు నుంచి వాళ్ళ తమ్ముడు గారు ఫోన్ చేశారు. "నిద్రలోనే వెళ్ళిపోయిందండి అక్క. సాయంత్రం చర్చిలో ప్రార్థన" అన్నారు. రాజమండ్రి నుంచి బస్సులో బ్రిడ్జి దాటుతూ, ఎన్ని ఆదివారాలు ఇలా ఆవిడ దగ్గరికి వెళ్ళానో తలుచుకున్నాను.

నేను పరిశోధనలో చేరేనాటికే ఆవిడ చూపు మందగించింది. రిటైరయ్యేసరికి దాదాపు పోయింది. అయినా నన్ను వేరొకరికి అప్పగించలేదు. "నువ్వు చూసి చెప్పమ్మా, నేను వింటాను" అన్నారు.

మా పని ఇదీ. పలచటి బంగారు పూత మీద కంటికి ఆనని చుట్ల గాడి చెక్కుతాం. దాని మీద ఒకవైపు మెలితిరిగే లేజర్ వేస్తే వెలుగు బంగారాన్ని అంటిపెట్టుకుని, సుడి తిరుగుతూ నడుమకు చేరుతుంది. మామూలు మైక్రోస్కోపుకు అది అందదు. నియర్-ఫీల్డ్ మైక్రోస్కోపులో సూదిమొనను పూతకు తాకీ తాకనంత దగ్గరగా నడిపి, చుక్క చుక్కగా ఆ వెలుగును కొలిచి బొమ్మ కడతాం.

మొదటి బొమ్మ చూసి పొంగిపోయాను. చుట్టూ వెలుగు వలయాలు, నడుమ నల్లచుక్క. నీటి సుడి నడుమ గుంటలా, వెలుగు సుడి నడుమ చీకటి ఉండాలి. వెంటనే పేపర్ రాసేసి, జర్నల్‌కు పంపుతానని చెప్పడానికి వెళ్ళాను.

ఆవిడ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ అంతా విన్నారు.

"లేజర్‌ని రెండోవైపు తిరిగేలా మార్చి చూశావా?"

"లేదండి."

"మారిస్తే ఆ చుక్క పోయి అక్కడ వెలుగు రావాలి కదమ్మా. రాకపోతే అది సుడి కాదు, ఇంకేదో."

మార్చి చూశాను. చుక్క అలాగే ఉంది. పూత మీదే ఏదో మచ్చ. ఇన్నాళ్ళ పనీ పోయిందని ఫోన్‌లో ఏడ్చాను.

"మచ్చని తెలిసింది కదా. ముందు అన్నం తిను. రేపు కొత్త పూత మొదలెడుదువు గాని" అన్నారు. ఆవిడ ఊరడింపు ఎప్పుడూ అంతే. ఇప్పుడు నా విద్యార్థులు అందమైన బొమ్మ పట్టుకొస్తే, రెండోవైపు మార్చి చూశారా అని నేనూ అడుగుతున్నాను.

వానలు వెనకబట్టాక కొత్త బొమ్మలు వచ్చాయి. వెలుగు ఒకవైపు తిరిగితే నడుమ చీకటి, రెండోవైపు తిరిగితే అక్కడే వెలుగు. కొవ్వూరు వెళ్ళి చెప్పబోతే మాటలు తడబడ్డాయి. ఆవిడ ఎడమచెయ్యి చాపి, "గియ్యి" అన్నారు.

అరచేతిలో వేలితో వలయాలు గీసి, నడుమ ఆగాను.

"ఇక్కడేముంది?"

"చీకటండి."

"రెండోవైపు మారిస్తే?"

అదే చోట వేలు నొక్కాను. "వెలుగండి."

తమ్ముడు గారు కాఫీ తెస్తే ఆవిడ కుడిచేత్తో అందుకుని మెల్లగా తాగారు. ఎడమ అరచెయ్యి మాత్రం ఒళ్ళో అలాగే తెరిచి ఉంచుకున్నారు.