శబ్దం తీసేసిన తోడి

పుంగనూరులో మా పక్కింటి నాదస్వరం అన్న చనిపోయిన మూడో నెలలో ఆయన భార్య నా అంగడికి వచ్చింది. ఆమెను నేను అక్కా అంటాను. చేతిలో పెన్‌డ్రైవ్ ఉంది.

“కుప్పం పెండ్లి వీడియోప్పా. ఆయన వాయించిన తోడి రాగం ఒక్క తూరి వినిపించు.”

నేను బోర్డులు రాసేవాణ్ణి. ఫ్లెక్సీలు వచ్చాక కంప్యూటరు కొన్నాను. వీడియో పెట్టాను. మంటపం పక్కన అన్న బుగ్గలు పూరించి వాయిస్తున్నాడు. వినబడుతున్నది మాత్రం సినిమా పాట. మా వైపు పెళ్లి వీడియోలన్నీ అంతే. మేళం శబ్దం తీసేసి పాటలు అతికిస్తారు. అన్న వేళ్లు ఒకటి చెబుతుంటే స్పీకర్లో ఎవరో అమ్మాయి మరొకటి పాడుతోంది.

“ఆయన యాడుండాడప్పా దీంట్లో?” అంది అక్క.

కుప్పంలో వీడియో తీసినతనికి ఫోన్ చేశాను. అసలు శబ్దం ఉంచుకోలేదన్నాడు. ఆయన ఆలాపన ఇంకెవరి దగ్గరా లేదు. ఉన్నా అది వేరే రోజుది, వేరే తోడి.

సంగీతం వింటూ ఆకారం లేని బొమ్మలు వేసిన చిత్రకారుల గురించి నేను మదనపల్లె గ్రంథాలయంలో చదివాను. పదో తరగతి తప్పిన నాకు ఆ బీరువాలే కాలేజీ. నీ ఆలాపనకు నేనూ అలా బొమ్మ వేస్తానని అప్పట్లో అన్నకు గొప్పగా చెబితే నవ్వాడు.

“సుద్ద దారం కొట్టి గీత పడందే అచ్చరం రాయవు నువ్వు. నీకేల అప్పా ఆలాపన?”

అక్క వెళ్లాక పాత రేకు బోర్డు ఒకటి దించాను. అలవాటు పోక ఏడు స్వరాలకు ఏడు గీతలు కొట్టాను. రంగులు నింపితే బస్సుల టైంటేబుల్లా తయారైంది. తుడిచేశాను. స్పీకరు వైరు పీకేసి, అన్న వేళ్లు మాత్రమే చూస్తూ కుంచె కదిలించాను. కాసేపటికి గది నిండా తోడి. గాంధార స్వరం ఊగినచోట ఇటుకరంగు మీద నీలం లాగాను. వేళ్లు ఆగితే ఆగాను. ఒకచోట ఎక్కువసేపే ఆగాయి. అక్కడ రేకు అలాగే వదిలేశాను. స్వరాన్ని ఎంత బాగా నిలిపాడో అనుకున్నాను. వీడియో అయిపోయాక కూడా ఆ ఊగడం చెవిలో ఆగలేదు. అన్న వెనకే నిలబడి వాయిస్తున్నట్టనిపించి, తిరిగి చూడడానికి భయమేసింది.

మర్నాడు అక్క వచ్చి చూసింది.

“ఇదేందప్పా, మొగమే లేదు?”

కానీ ఆమె వేలు నీలం వెంట మెల్లగా పోయింది. పెదవులు కదులుతున్నాయి. ఖాళీ రేకు దగ్గర వేలు ఆగింది.

“ఈడ ఊపిరందలా ఆయనకు. ఇంటికొచ్చినాక చెప్పినాడు. ఆసుపత్రికి పోదాం రమ్మంటే, ముహూర్తాలు అయిపోనీ అన్న్యాడు.” కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “ఆడ రవ్వంత రంగు పూడ్సప్పా.”

కుంచె ముంచాను. అన్న అక్కడ ఏం వాయించి ఉండేవాడో ఎంత ఆలోచించినా తెలియలేదు. రంగు చుక్కలుగా నేల మీద పడుతోంది. అక్క నా చేతి వైపే చూస్తూ నిలబడింది.