ఏడు గుర్రాల కాళ్ళు

అమెరికాలోని షామ్‌బర్గ్‌లో మా పక్క అపార్ట్‌మెంట్ అమ్మాయి ఈమధ్య ఆయిల్ పెయింటింగ్ మొదలుపెట్టింది. కారిడార్‌లోకి లిన్సీడ్ నూనె, టర్పెంటైన్ కలిసిన వాసన రాగానే, చేతుల్లో గ్రోసరీ సంచులు లాగేస్తున్నా సరే, నేను అక్కడే నిలబడిపోతాను. నాకు పదకొండేళ్ళప్పుడు, ఇక్కడికి దగ్గర్లోని అరోరాలో, వాల్ట్ అంకుల్ గరాజ్‌లో అచ్చం ఇదే వాసన.

వాల్ట్ అంకుల్ మా వెనకింటి పెద్దాయన. వయోమింగ్‌లో పశువుల మధ్య పుట్టి పెరిగి, కూతురికి దగ్గరగా ఉండాలని ఈ చదును నేలకు వచ్చిపడ్డవాడు. స్కూల్ బస్సు దిగి, అమ్మ ఇచ్చిన జంతికల డబ్బాతో నేను వెళ్ళేసరికి హీటర్ పక్కన స్టూలు వేసి ఉంచేవాడు. బొమ్మ వేయడం నేర్పేవాడు: ముందు ఆకాశం, తర్వాత నీలంగా కరిగిపోయే కొండలు, తర్వాత ఎండు గడ్డి, అన్నిటికన్నా చివర గుర్రం, దాని మీద గోరంత టోపీ మనిషి. మా వయోమింగ్‌లో నేల పెద్దది, మనిషి చిన్నవాడు అనేవాడు. ఒళ్ళు, మెడ, జూలు నాకు బాగానే కుదిరేవి. కాళ్ళ దగ్గరే తల ప్రాణం తోకకొచ్చేది. కాళ్ళు వేయకు, కాళ్ళ మధ్య కనిపించే గడ్డి వెయ్యి అని ఎంత చెప్పినా నా చేతికి ఎక్కలేదు. నా గుర్రాలన్నీ, పాపం, కడుపు లోతు గడ్డిలో మేస్తుండేవి.

ఆ చలికాలం చివర్లో నాన్న ప్రాజెక్ట్ పోయింది. గడువులోపల ఇంకో కంపెనీ ఉద్యోగమిచ్చి వీసా తన పేరిట మార్చుకోకపోతే దేశం వదిలి వెళ్ళాలి. ఇస్త్రీ చొక్కా వేసుకుని, కింద పైజామాతోనే, బేస్‌మెంట్‌లో వీడియో ఇంటర్వ్యూలకు కూర్చునేవాడు. తలా ఒక వంటకం తెచ్చుకున్న ఉగాది పాట్‌లక్‌లో, బొబ్బట్ల మీద నెయ్యి వేసుకుంటూ, ఒక ఆంటీ అమ్మతో అంది: "హాల్లో ఏడు గుర్రాల బొమ్మ పెట్టు వదినా. ఇంట్లోకి పరిగెత్తుకొస్తున్నట్టుండాలి. మా ఆయనకి నెలలో ఆఫర్ వచ్చింది."

"కొనడమెందుకు, మా పిల్ల వేస్తుంది," అంది అమ్మ గర్వంగా.

ఆంటీ చెప్పిన వాస్తు ప్రకారం రౌతు ఉండకూడదు, కళ్ళెం ఉండకూడదు, అస్తమించే సూర్యుడు అసలే వద్దు. అన్నీ ఒప్పుకోవచ్చు, కానీ పరిగెత్తే గుర్రాలకు కాళ్ళు దాచేదెలా? నాన్న ఉద్యోగం ఆ కాళ్ళ మీదే ఉందని నేను నిజంగానే నమ్మాను. రోజూ వేయడం, గుడ్డతో తుడిచేయడం. తుడిచినచోట బురద రంగు మిగిలేది.

"వాట్స్ ద హర్రీ, కిడ్?" అనేవాడు వాల్ట్ అంకుల్. చెప్పలేను. ఉద్యోగం సంగతి బయట అనొద్దని అమ్మ ఒట్టు వేయించుకుంది. ఆయన వేసిపెడితే బాగుండునని ఏడుపొచ్చేది. కానీ ఇంకొకరి కాన్వాస్ మీద బ్రష్ పెట్టడం ఆయనకు సుతరామూ ఇష్టం ఉండదు. దానికితోడు నాన్న ఇంటర్వ్యూలు ఒక్కొక్కటే చప్పబడిపోతున్నాయి. ఎవరూ నన్నేమీ అనలేదు. అంటే బాగుండేది.

ఆరు గుర్రాలు ఎలాగో నిలబడ్డాయి. ఏడోదానికి ముందరి కాళ్ళు వేస్తున్నాను. ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఎవరో మా సోఫా కొనుక్కుని మోసుకుపోతున్నారు, హాల్లో సూట్‌కేసులు తెరిచి ఉన్నాయి.

"అమ్మా, ఇంకొక్కటే ఉంది! ఐ కెన్ ఫినిష్ ఇట్ టుడే!"

అమ్మ నా వేళ్ళకంటిన గోధుమ రంగును తన కొంగుతో తుడుస్తూ, "ఇంక అక్కర్లేదమ్మా," అంది. నూనె రంగులు ఆరడానికి వారాలు పడుతుంది. పచ్చి కాన్వాస్‌ను ఏ పెట్టెలో పెడతాం? గరాజ్‌లోనే వదిలేసి విమానమెక్కాం.

పెద్దయ్యి, చదువుకని మళ్ళీ ఈ దేశం వచ్చాక ఒకసారి అరోరా వెళ్ళాను. గరాజ్ తలుపు కొత్తది, లోపల ఎవరివో సైకిళ్ళు. వాల్ట్ అంకుల్ గురించి ఇప్పుడా ఇంట్లో ఉంటున్నవాళ్ళకేమీ తెలియదు. నాన్న ఆ తర్వాత అమెరికా మాట ఎత్తలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు నాకు గుర్రం కాళ్ళు బాగా వచ్చు. పరిగెత్తేవి, ఎగిరేవి, మడిచినవి, చూడకుండా వేసేస్తాను. మా ఇంట్లో ఎవరికీ వాటితో పనిలేదు.