పది పడకల రూలు

అది 2012. కోదాడలో నేను ఆరోగ్య బీమా ఏజెంటుగా చేరి నాలుగేళ్లు దాటింది. అప్పట్లో మేము ఎక్కువగా అమ్మింది హెల్త్ సేవింగ్స్ పాలసీ. కట్టే ప్రీమియంలో కొంత బీమాకు పోతుంది, ఆసుపత్రిలో చేరితే రోజుకింత అని ఇస్తారు. మిగిలింది పాలసీదారు పేరు మీద ఫండ్‌గా పెరుగుతుంది. మూడేళ్లు నిండాక వైద్యం బిల్లులు చూపించి అందులోంచి తీసుకోవచ్చు, ఇంక దేనికీ తీయకూడదు. ఈ సంగతులు ఆ రోజుల్లో నాకే సరిగ్గా తెలియవు. శిక్షణలో మాకు నేర్పింది ఒక్కటే: "బ్యాంకులో వేసుకున్నట్టే అని చెప్పండి, సంతకం పెట్టేస్తారు."

పాలకీడు వైపు గొర్రెలు కాసుకునే మల్లయ్యకు నేను చేరిన ఏడాదే అలాగే చెప్పాను. ఆయన ఏటా ఒక పొట్టేలును అమ్మి ప్రీమియం కట్టేవాడు. ఒక్కసారి కూడా గడువు దాటనివ్వలేదు. ఆ వేసవిలో, అదే పాలసీలో ఉన్న ఆయన భార్య సైదమ్మకు గర్భసంచి ఆపరేషన్ అయింది. కోదాడలోనే ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో ఆరు రోజులు ఉంది. బిల్లులన్నీ నేనే ఫైలు కట్టి ఆఫీసులో ఇచ్చాను. నెల తర్వాత ఇంగ్లీషులో ఉత్తరం వచ్చింది. క్లెయిమ్ తిరస్కరించారు.

మల్లయ్యను వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్లాను. క్లెయిములు చూసే అధికారి ఫైలు తెరవకుండానే చెప్పాడు.

"ఆ నర్సింగ్ హోమ్‌లో ఉన్నవి ఎనిమిది పడకలేనమ్మా. రూలు ప్రకారం పది ఉండాలి. లేకపోతే అది ఆసుపత్రి కిందికే రాదు."

మల్లయ్య బిత్తరపోయాడు. "దవాఖాన గాకుంటే మా ఆమెకు కడుపు కోసింది యాడ సారూ?"

అధికారి నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

"మరి ఫండ్ ఉంది కదా సార్?" అన్నాను.

"రిజెక్ట్ అయిపోయిందమ్మా. ఫైలు క్లోజ్."

బయటికొచ్చాక మల్లయ్య నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "మంచాలు లెక్కవెట్టుకోని చేరాలని నాకెట్ల తెలుస్తది బిడ్డా? నువ్వు జెప్పినవని ఏలుముద్ర ఏసిన" అన్నాడు. ఇంతలో సైదమ్మకు కుట్లు వేసిన చోట చీము పట్టింది. సూర్యాపేటకు మళ్లీ మళ్లీ తిప్పాల్సి వచ్చింది. ఆ ఖర్చుకు మందలో ఈనడానికి దగ్గరపడ్డ సూడి గొర్రెలన్నిటినీ అమ్మేశాడు.

ఆ వార్త విన్న రోజు పాలసీ నిబంధనల పుస్తకం ముందేసుకుని, డిక్షనరీ పక్కన పెట్టుకుని, మొదటి పేజీ నుంచి చదివాను. రెండు రోజులు పట్టింది. పది పడకల రూలు రోజువారీ సొమ్ముకు మాత్రమే. ఫండ్‌కు ఆ రూలే లేదు. రిజిస్టరైన డాక్టరు బిల్లు, మందుల చీటీ ఉంటే చాలు. దానికి వేరే ఫారం ఉంది. రోజూ అదే పని చేసే అధికారికి ఈ సంగతి తెలియదంటే నేను నమ్మను.

మర్నాడు పుస్తకం తీసుకెళ్లి ఆయన బల్ల మీద పెట్టాను.

"ఫండ్‌కు పది పడకలని ఇందులో ఎక్కడుందో చూపించండి సార్."

"ఆ ఫారం మీరు పెట్టలేదు కదమ్మా."

"అట్లాంటి ఫారం ఉంటదని మీరు చెప్పిన్రా?"

"మీరు అడిగారా? ఈ పాలసీ అమ్మింది మీరే కదా, మీకు తెలియదా?"

ఆ మాటకు నా కోపం ఇంకా పెరిగింది. ఆఫీసంతా తిరిగి చూసేంత గట్టిగా అరిచాను. ఫారం నింపి, ముట్టినట్టు ముద్ర వేయించుకునేదాకా కుర్చీలోంచి లేవలేదు.

మూడు వారాలకు డబ్బు వచ్చింది, అదీ ఫండ్‌లో సగమే. అంతకు మించి తీయకూడదన్నది ఇంకో రూలు. చెక్కు ఇవ్వడానికి ఊరికి వెళ్తే సైదమ్మ వాకిట్లో మంచం మీద కూర్చుని ఉంది. మల్లయ్య చెక్కు అందుకుని, "మంచిగైంది బిడ్డా. గొర్రెలైతే ఈనినయంట, కొన్నోని మందల" అన్నాడు.

ఆ తర్వాత నేను ఏ పాలసీ అమ్మినా ప్రతి రూలూ తెలుగులో చదివి వినిపించాకే సంతకం పెట్టించుకున్నాను. సగం మంది వింటూనే లేచి వెళ్లిపోయేవారు. "పాలసీలు అమ్ముతున్నారా, జనాన్ని భయపెడుతున్నారా?" అని మేనేజరు విసుక్కునేవాడు.

ఆ అధికారి మీద కోపం నాకు ఇంకా తగ్గలేదు. కానీ ఆ పుస్తకం నాలుగేళ్లు నా ఇంట్లోనే, నా బీరువాలోనే ఉంది. చదవకుండా అమ్మింది నేను.