నోరీన్ బాణీకి మలుపు

ఫింటన్ హెహిర్ బతుకంతా క్లేర్ జిల్లా ఇరుకు దారుల్లో పాల లారీ నడిపాడు. ఆదివారాలు పబ్బులో గిటారు వాయించాడు. రెండింట్లో ఒకటి మానెయ్యమంటే లారీనే మానేసేవాడు, కానీ గిటారు అన్నం పెట్టదు. పైగా ఆ ఊళ్ళో గిటారంటే కూరలో కరివేపాకు. జనం చిందేసే ఆట బాణీలు ఎత్తేది ఫిడేలు, ఫ్లూటు. గిటారువాడు కింద నుంచి శ్రుతీ ఊపూ అందించాలి, అదీ అణిగిమణిగి. ఫింటన్‌కు ఆ బాధ లేదు. పైన ఫిడేలు వాయించేది అతని భార్య నోరీన్.

పెళ్ళికి ముందు, పాలు తీసుకోవడానికి వాళ్ళ దొడ్డికి వెళ్ళినప్పుడు ఆమె అతనితో అన్న మొదటి మాట, "పబ్బులో ఆ గిటారు పెట్టెను అట్లా బాదకు, నా బాణీ చచ్చిపోతుంది." అప్పటినుంచి అతను తీగల మీద చెయ్యి కాస్త తేలిక చేసుకుని, ఆమె మోచెయ్యి చూస్తూ, ఒద్దికగా వాయించాడు. ఆ మోచెయ్యి చూడ్డంలోనే అతని వయసు గడిచిపోయింది.

నోరీన్ సొంతంగా ఒక జిగ్, అంటే గంతులేసి ఆడే బాణీ, కట్టింది. అక్కడి బాణీలకు రెండు భాగాలుంటాయి, రెండోదాన్ని మలుపంటారు. ఆమె జిగ్ మలుపు దగ్గర తాగేవాళ్ళు గ్లాసులు దించేవారు. అయితే కట్టినవాళ్ళు బతికుండగా వాళ్ళ బాణీ ఇంకొకరు ఎత్తడం అక్కడ తప్పు. అందుకని ఎవరూ నేర్చుకోలేదు. రికార్డు చేస్తామంటే, "ఆదివారం వచ్చి వినండి, నేనెక్కడికి పోతాను?" అనేది. పోయిన చలికాలం ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి, వారం తిరక్కుండా పోయింది. మర్యాద మంచిదే గాని, ఆ ఊరి మర్యాద నిక్షేపంలాంటి బాణీని మట్టిలో కలిపింది.

చర్చిలో ఏడాది పూజ అయ్యాక పోయినవాళ్ళ బాణీ పబ్బులో వాయించాలి. అది ఆనవాయితీ.

"ఎత్తాల్సింది నువ్వే," అన్నాడు ఫ్లూటు వాయించే మార్టీ.

"నా దగ్గర బాణీ లేదురా. దాని కింద వాయించేది మాత్రమే ఉంది."

"కాపురమంతా పక్కనే కూర్చున్నావు కదరా, చెవుల్లో దూది పెట్టుకున్నావా?"

"ఆమెను చూస్తూ కూర్చున్నాను."

మార్టీ ఫ్లూటు తుడిచి సంచిలో పెట్టుకున్నాడు.

ఫింటన్ అతనికి చెప్పని సంగతి ఒకటుంది. ఆమె పోయాక రోజూ పొద్దు వాలే వేళ, కెటిల్ పొయ్యిమీద పెట్టగానే, పక్క గదిలో ఫిడేలు మొదలయ్యేది. అదే జిగ్. మొదట్లో భయపడి కెటిల్ దించేసి బయటికి పోయేవాడు. తర్వాత గిటారు తెచ్చుకుని కింద వాయించడం అలవాటు చేసుకున్నాడు. వాయిస్తున్నంతసేపూ ఫిడేలు సాగేది. ఎప్పుడైనా ఆశపడి మలుపు స్వరాలు వేళ్ళతో పట్టబోతే ఠక్కున ఆగిపోయేది. మర్నాడు మళ్ళీ వచ్చేది. అతనికి భయం పోయి, దాని స్థానంలో ఎదురుచూపు చేరింది. ఎండాకాలంలో కూడా వేళ చూసుకుని మరీ కెటిల్ పెట్టేవాడు.

ఏడాది పూజ ఆదివారం వచ్చింది. చర్చి నుంచి అందరూ పబ్బుకు చేరారు. ఫింటన్ గిటారు తీసి మొదటి భాగం ఎలాగో గిల్లుకుంటూ నడిపించాడు. మలుపు దగ్గర వేళ్ళు ఆగిపోయాయి. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల అంతటి ఆటగత్తె లేదనిపించుకున్న బిడ్డీ టాల్టీ గోడవార కుర్చీలో ఉంది.

"ఆగకు నాయనా, కింద వాయించేదే వాయించు," అంది ముసలావిడ. "దాన్ని నా కాళ్ళు చూసి కట్టింది నీ పెళ్ళాం. నాకు మోకాళ్ళు పోయాయి గాని పాదాలు పోలేదు."

ఆమె కూర్చున్నచోటే బూట్లతో చెక్కనేల మీద మలుపు అడుగులు వేసింది. మడమ పడ్డచోట బరువైన స్వరం, మునివేళ్ళు పడ్డచోట తేలిక స్వరాలు. ఫింటన్ వేళ్ళు ఆ చప్పుడు వెంటబడి పైకి పాకాయి, తడబడ్డాయి, మళ్ళీ పాకాయి. దొరికింది! మలుపు మొత్తం గిటారు మీద గలగలా వచ్చేసింది. మార్టీ ఫ్లూటు అందుకున్నాడు. "అదేరా, అదే!" అని కేక వేసింది బిడ్డీ. జనం లేచి ఆడారు, ఏడ్చారు. ఫింటన్ గర్వంగా నవ్వాడు. నోరీన్ జిగ్ ఇంక ఊరిది.

సాయంత్రం ఇంటికొచ్చి, నోరీన్‌కు చెబుదామని ఆత్రంగా కెటిల్ పెట్టాడు. నీళ్ళు మరిగాయి. పక్క గదిలో అలికిడి లేదు. గిటారు ఒళ్ళో పెట్టుకుని, పైన ఆమెకు చోటు వదిలి, కింద వాయించేది మాత్రం వాయించాడు. ఆగి విన్నాడు. మళ్ళీ వాయించాడు. గదిలోకి వెళ్ళి చూశాడు. అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. అన్ని నెలల్లో మొదటిసారి అతనికి ఆ ఇంట్లో భయమేసింది.

"నోరీన్, మలుపు రాలేదు నాకు. ఉత్తిదే, ఏదో వాయించాను, వాళ్ళు నమ్మారు. నువ్వొచ్చి సరిదిద్దాలి," అన్నాడు, ఖాళీ గది గుమ్మంలో నిలబడి.