అత్త చీర మీద చిల్లులు

మొన్న సెలవులకు వచ్చిన మా మనవరాలు తన కాటన్ టీషర్టు ఒకటి తెచ్చి నా ఒళ్ళో పడేసింది. బొడ్డు దగ్గర ఆవగింజలంత చిల్లులు. "అమ్మమ్మా, మీ బీరువాలో పురుగులున్నాయి" అని నేరం నా మీద మోపింది. మా అల్లుడు వాషింగ్ మెషీన్‌ది తప్పన్నాడు. నా కూతురేమో, ప్యాంటు గుండీకీ వంటగట్టుకూ మధ్య ఒరుసుకుని పల్చటి గుడ్డ అలాగే పోతుందని తేల్చింది. అదే నిజమై ఉంటుంది. నేను మాత్రం అలవాటు కొద్దీ గుడ్డను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చిల్లు అంచును వేలితో తడిమాను. మెత్తగా ఉంది, రంగు మారలేదు. మనసు కుదుటపడింది. "అంతసేపు ఏం చూస్తున్నావు?" అంది పిల్ల. అప్పుడు దానికి చెప్పలేకపోయాను.

నేను బొబ్బిలి నుంచి పాతపట్నం అవతలి పల్లెకు కోడలిగా వెళ్ళింది అరవైల చివర్లో. వరి పండించుకునే ఇల్లు. మామ నా పెళ్ళికి ముందే పోయారు. ఇంట్లో అత్త, మా ఆయన, నేను. అత్త పొడుగ్గా, సన్నగా ఉండేది. గొంతు మాత్రం ఈ గట్టున కేకేస్తే ఆ గట్టున ఎడ్లు ఆగిపోయేంత. ఆవిడ అడ్డచుట్ట కాల్చేది. తెలియనివాళ్ళ కోసం చెప్పాలి: చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోటి లోపల పెట్టుకుని, పెదాలు బిగించి పొగ పీల్చడమన్నమాట. మా వైపు ఆడవాళ్ళు చాలామంది అలాగే కాల్చేవారు. నాట్లేసేటప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, వాన పడినా ఆరదు, గాలి వీచినా రవ్వ ఎగరదు. నోట్లో నిప్పుతోనే ఆవిడ ఊడ్చేది, తిట్టేది, నవ్వేది. కొత్తలో నేను ఆ నోటికేసే చూస్తూ ఆవిడ చెప్పిన పని సగమే వినేదాన్ని. "నా మొకం మీద నాటకం ఆడతన్నారేటే, అలా సూస్తన్నావు?" అనేది.

ఆవిడకు తన చీరలంటే గర్వం. ఉన్నవి కొన్నే, ముతక నేత చీరలు, కానీ ఒక్క మచ్చ ఉండేది కాదు. మామ మగవాళ్ళలా నిప్పు బయట పెట్టి కాల్చేవారట. "మీ మావ పంచె ఆరేస్తే ఎండకి అడ్డవే ఉండీది కాదు, జల్లెడే అనుకో. నిప్పు నోట్లో ఉంటే గుడ్డ మీదేటి పడతాది?" అని వీధిలో అందరికీ చెప్పేది.

నేను కడుపుతో ఉన్న ఏడాది, వానలు మొదలైన రోజుల్లో, అత్త చీర ఆరేస్తుంటే పైట మీద బియ్యపుగింజంత చిల్లు కనబడింది. తర్వాత కుచ్చిళ్ళ మీద మరొకటి. బట్టలు కొరికే ఇలకోడి పురుగులు కొట్టాయంది అత్త. పెట్టెలోని బట్టలన్నీ ఎండలో వేశాను, అడుగున వేపాకు పరిచాను, మా ఆయన సంతలో కలరా ఉండలు కొనుక్కొచ్చారు. ఇల్లంతా ఆ వాసనే తప్ప చిల్లులు ఆగలేదు. అప్పుడు అత్త, సవుడు మట్టి వేసి మా బట్టలుతికే ఆవిడ మీద పడింది. "సవుడు ఎక్కువేసి నా సీరలన్నీ తినీసినావే!" అని వాకిట్లో నిలబెట్టి కేకలేసింది. ఆవిడ చేతులు జోడించి, "నానేటీ సెయ్యలేదమ్మా, పిల్లల మీద ఒట్టు" అని ఏడ్చింది. అత్త వినలేదు. మర్నాటి నుంచి రావద్దంది. మా ఇంటి బట్టలు, అందుకు మేం కొలిచే గింజలే ఆ మనిషికి బతుకు. అత్త కఠినురాలు కాదు. అందుకే నాకు అర్థం కాలేదు.

ఆ పైన బట్టలు నేనే ఉతికాను, సవుడు లేకుండా. అయినా కొత్త చిల్లులు వచ్చాయి. అదే పెట్టెలో ఉన్న నా చీరలకు ఒక్కటీ లేదు. ఒకనాడు తడి పైటను వెలుగుకు పట్టి చూశాను. చిల్లు చుట్టూ గోధుమరంగు అంచు, గోరుకు గరగరలాడుతోంది. అది పురుగు పని కాదు, నిప్పు రవ్వ పడిన చోటు. కానీ అత్త నిప్పు నోట్లో కదా ఉండేది!

అప్పుడు ఒక్కొక్కటీ గుర్తొచ్చింది. పచ్చిమిరపకాయ కొరకనిదే అంబలి తాగని మనిషి, పన్ను నొప్పంటూ కారం మానేసింది. అందరూ తిన్నాక గోడవైపు తిరిగి కూర్చుని గంజి తాగుతోంది. కేకలు కూడా తగ్గాయి. మధ్యాహ్నం పశువుల సాల వెనక్కి వెళ్ళాను. అత్త అక్కడ ఒంటరిగా, నిప్పు బయటికి పెట్టి చుట్ట కాలుస్తోంది. పెళ్ళికి ముందు నుంచీ కాలుస్తున్న మనిషికి నుసి దులపడం రావడం లేదు. రవ్వలు ఒళ్ళో రాలుతుంటే చేత్తో తుడుచుకుంటోంది.

"నిప్పు బయటికెట్టినావేటత్తా?"

ఉలిక్కిపడింది. "లోపలెడితే మండతన్నాదే."

"మానీలేకపోయినావా?"

"మానగలిస్తే ఎప్పుడో మానీదాన్ని కాదేటి."

"నోరు తెరు, సూస్తాను."

కసిరింది, పొమ్మంది. నేను కదలకపోయేసరికి ఎండకు ఎదురుగా కూర్చుని చిన్నపిల్లలా నోరు తెరిచింది. అంగిలి అంతా తెల్లగా పాలిపోయి బిరుసెక్కి ఉంది. మధ్యలో ఎర్రటి పుండు. ఆ పుండు నడుమ చిల్లు.

"నీళ్ళు తాగితే ముక్కులోంచి వస్తన్నాయి" అంది, ఎవరి గురించో చెబుతున్నట్టు. "మాయమ్మ దీంతోనే పోయింది. నాకు తెలుసు. కడుపుతో ఉన్నదానివి, నీ పురుడు దాటీదాకా ఆడికి సెప్పకు."

"మరి పాపం, ఆ బట్టలుతికే ఆవిడనెందుకు మానిపించీసినావు?"

అత్త తల దించుకుంది. "నీకేటో ఒకటి సెప్పాలి గదేటి."

నేను దాచలేదు. సాయంత్రం మా ఆయన రాగానే చెప్పేశాను. ఆయన వెళ్ళి ఎడ్లను పక్కింటివాళ్ళకు అప్పగించి వచ్చారు. మర్నాడు బస్సులో శ్రీకాకుళం, అక్కడి నుంచి విశాఖపట్నం పెద్దాసుపత్రి. క్యాన్సరు, మొదట పుండు లేచినప్పుడే తేవాల్సిందన్నాడు డాక్టరు. కొన్నాళ్ళు కరెంటు, అంటే రేడియేషన్, పెట్టారు. చెంప నల్లబడింది, నొప్పి తగ్గలేదు. "నన్ను ఇంటికి తీసుకుపోండి" అని అత్త మొండికేసింది. తీసుకొచ్చేశాం.

వచ్చాక ఆవిడ చేసిన మొదటి పని బట్టలుతికే ఆవిడకు కబురు పెట్టడం. అప్పటికి మాట సగం ముక్కులోంచి వస్తోంది. "నీ సవుడు కాదే. నా సుట్ట. తెలిసే నిన్నన్నాను" అంది. "తెలిసే అన్నావా అమ్మా?" అంది ఆ మనిషి. ఫర్వాలేదనలేదు, క్షమించాననీ అనలేదు. మూలనున్న చీము బట్టల మూట ఎత్తుకుని వెళ్ళిపోయింది. చివరిదాకా రోజూ వచ్చి ఆ మూట పట్టుకెళ్ళింది. అత్తతో మాత్రం మళ్ళీ మాట్లాడలేదు.

పురిటికి పుట్టింటికి పంపుతామంటే నేనే వెళ్ళలేదు. ఆడపిల్ల పుట్టింది. వాసన వస్తుందని అత్త పిల్లను దగ్గరికి తీసుకోలేదు. ముఖం పక్కకు తిప్పుకుని, వేలితో పాదం మాత్రం తాకేది. కళ్ళాల్లో నూర్పులు సాగుతుండగా పోయింది. ఆ రోజు పక్కింటావిడ ఏడుస్తూ తన చుట్టల కట్ట పొయ్యిలో పడేసింది. దినవారాల నాటికి మళ్ళీ నోట్లో నిప్పుతోనే వచ్చి విస్తళ్ళు వేసింది.

పోయేనాటికి అత్తకు యాభై కూడా నిండి ఉండవు. నేనిప్పుడు ఆవిడకంటే చాలా పెద్దదాన్ని, ఎదురుపడితే నాకు కూతురిలా ఉంటుంది. అయినా ఎప్పుడైనా కలలో కనబడితే, నొప్పెట్టే మోకాళ్ళ మీదే గబుక్కున లేచి నిలబడతాను. ఇన్నేళ్ళు గడిచినా కాలం నన్ను ముసలిదాన్ని చేసింది గానీ, ఆవిడ ముందు నన్నింకా కొత్తకోడలిగానే ఉంచింది.